నెల సరుకులు నింపకండి, సంతలు చూసుకుంటూ వెళ్ళండి

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి రిటైరైన టీచర్ని. మావారు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఆయనకి 63 ఏళ్లు. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, లోపల మంచం, వంటగట్టు, చిన్న బాత్‌రూమ్ పెట్టించుకున్నాం. ఆ పని అయ్యేసరికి ఆరు నెలలు పట్టింది. కార్తీకం వెళ్ళాక ఒంగోలులో బయలుదేరి గోదావరి జిల్లాలు, అనకాపల్లి, పాడేరు, అరకు చూసుకుని శ్రీకాకుళం దాకా వెళ్ళి రావాలని ఉంది. నెల రోజుల ప్రయాణం. దారిలో మార్కెట్లు, సంతలు చూస్తూ ఎక్కడ దొరికింది అక్కడ కొని వండుకోవాలని నా ఆశ. అలా ఆగుతూ పోతే ప్రయాణం సాగదని మావారు. బండి పైన 200 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఒకటిన్నర టన్ను ఏసీ, లోపల రెండు గ్యాస్ సిలిండర్లు, నెలకి సరిపడా సరుకులు పెట్టుకుంటే ఎక్కడా ఆగక్కర్లేదని మా అల్లుడుగారు. మావారికి కారు బాగా అలవాటే కానీ ఇంత పెద్ద బండి కొత్త. ఎవరి మాట వినాలి? దారిలో బండిని ఎలా చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: టీచరుగారూ, మీ మాటే వినండి. మీ సరదా తీరాలని ఇలా అనడం లేదు. బండి క్షేమం కోసమే చెబుతున్నాను. మీరు మార్కెట్లు అడుగుతున్నారు, మీవారు బండి గురించి ఆలోచిస్తున్నారు అని మీ ఇంట్లో అనుకుంటున్నట్టుంది. నాకైతే ఆ రెండూ ఒకటే విషయంగా కనిపిస్తున్నాయి. ఏ పూటకి కావలసింది ఆ పూట కొనుక్కునేవాళ్ల బండి తేలికగా ఉంటుంది. తేలికగా ఉన్న బండికి టైర్లు నిలుస్తాయి, ఘాట్‌లో బ్రేకులు పట్టుకుంటాయి, ఇంజను వేడెక్కదు. మీ ప్రయాణంలో రెండు పెద్ద ఘాట్‌లున్నాయి, ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. కాబట్టి మొదట బరువు సంగతి తేల్చుకుందాం.

అల్లుడుగారు చెప్పినవన్నీ కాగితం మీద రాసి కూడండి. లీటరు నీళ్లంటే కిలో, అంటే 200 లీటర్లకి 200 కిలోలు, ట్యాంకు బరువు అదనం. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు తూగుతుంది, రెండంటే 60. ఏసీ, దాన్ని నడిపే బ్యాటరీలు, ఇన్వర్టరు కలిపితే ఎంత లేదన్నా 100. నెల సరుకులు, పప్పులు, నూనెలు, పచ్చళ్ల జాడీలు, గిన్నెలు మరో 60, 70. అంటే 400 కిలోలు దాటింది. ఆరుగురు మనుషుల్ని అదనంగా ఎక్కించుకున్నట్టే, అందులోనూ నలుగురిని టాపు మీద కూర్చోబెట్టుకుని అనంతగిరి మలుపులు దిగినట్టు. పైన బరువు పెరిగితే మలుపు మలుపుకీ బండి ఒక పక్కకి ఒరుగుతుంది. ట్యాంకు సగం ఖాళీ అయ్యాక ఇంకా ప్రమాదం, నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ బండిని ఊపుతాయి.

ఇప్పటికే లోపల ప్లైవుడ్డు, మంచం, సింకు చేరాయి కదా. అవెంత తూగాయో మీకూ తెలీదు, పని చేసినవాళ్లూ తూచి ఉండరు. అందుకని బయలుదేరేలోగా ఒక పని చేయండి. వ్యవసాయ మార్కెట్ యార్డుల దగ్గర, రైస్ మిల్లుల దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జి ఉంటుంది. కొద్ది డబ్బులకే తూచి చీటీ ఇస్తారు. డీజిలు, నీళ్లు, సామాను అన్నీ నింపి, మీరిద్దరూ కూర్చుని ఒకసారి మొత్తం బండిని తూయించండి. తరవాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి. చీటీలో వచ్చిన మొత్తాన్ని ఆర్‌సీలో రాసి ఉన్న గరిష్ఠ బరువుతో పోల్చండి. దాటితే ఏదో ఒకటి దింపాల్సిందే, అందులో వేరే ఆలోచన వద్దు. దాటకపోయినా దాని అంచున నిలబడకండి, దారిలో కొనేవాటికి చోటుండాలి. ముందు, వెనక ఇరుసుల మీద ఎంతెంత పడుతోందో తెలిస్తే టైర్లలో గాలి ఎంత ఉండాలో టైరు షాపువాళ్లు సరిగ్గా చెప్పగలరు.

నీళ్లకి 60, 70 లీటర్ల ట్యాంకు చాలు. అది పైన కాదు, కింద, ముందు వెనక చక్రాల మధ్యలో ఉండాలి, లోపల అడ్డుపలకలు ఉన్నది తీసుకోండి. తాగడానికి వేరే 20 లీటర్ల క్యాను. మన కోస్తాలో నీళ్లు దొరకని ఊరు లేదు, పెద్ద పెట్రోలు బంకుల్లో అడిగితే పట్టుకోనిస్తారు.

ఏసీ విషయానికొస్తే, మీరు వెళ్తున్నది మార్గశిరంలో, పాడేరు, లంబసింగి వైపు. రాత్రి అక్కడ కావలసింది రగ్గులు. 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1.28 యూనిట్ల కరెంటు. ఒకటిన్నర టన్ను ఏసీకి అది గంట కూడా రాదు. అదే కరెంటుతో 12 వోల్టుల చిన్న ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, లైట్లు రాత్రంతా హాయిగా నడుస్తాయి. ఆ ఫ్రిజ్జు కూడా పాలు, పెరుగు, మందుల కోసం, 40, 50 లీటర్లది చాలు. ఏ రోజు కూరలు ఆ రోజు కొనేవాళ్లకి పెద్ద ఫ్రిజ్జు దేనికి?

గ్యాస్ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను, ఇది ప్రాణాలకి సంబంధించింది. పెద్ద సిలిండర్లు వద్దు. ఆయిల్ కంపెనీలే 5 కిలోల చిన్న సిలిండరు అమ్ముతున్నాయి, ఇద్దరికి అది బోలెడు. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, నేలమట్టాన పేరుకుంటుంది. అందుకని సిలిండరు పెట్టే అర పడకగదివైపు పూర్తిగా మూసి ఉండాలి, దాని అడుగున మాత్రం బయటికి కన్నం ఉండాలి. మీ బండిలో అలా చేశారో లేదో వంగి చూడండి. లేకపోతే ఆ కన్నం పెట్టించాకే సిలిండరు ఎక్కించండి. బండి కదిలేముందు సిలిండరు దగ్గరే వాల్వు కట్టాలి, పొయ్యి దగ్గర కట్టడం చాలదు. ఇంకొక్కటి, చలి కొండల్లో తలుపులు బిగించి వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించి పడుకోవడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసనుండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఎంత చలిగా ఉన్నా ఒక కిటికీ వేలు దూరేంత తెరిచి ఉంచండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడు అలారం దొరుకుతుంది, కొని పెట్టుకోండి.

ఇక మీకు ఇష్టమైన సంగతి. మీవారికి మార్కెట్లు ఆలస్యంలా అనిపిస్తున్నాయి కాబట్టి, దారినే మార్కెట్ల ప్రకారం వేసేద్దాం, అప్పుడు అవి ఆలస్యం కావు, మజిలీలవుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. పెద్ద మార్కెట్ ఉన్న ఊళ్లో లారీలుంటాయి, లారీలున్నచోట పంక్చరు షాపు, ఎలక్ట్రీషియను, డీజిల్ మెకానిక్కు, స్పేర్ పార్టుల దుకాణం ఉంటాయి. మీరు బెండకాయలు ఏరుకునే గంటలో ఆయన బండికి గ్రీజు పెట్టించుకోవచ్చు.

గుంటూరు మిర్చి యార్డు ఈసారికి వదిలేయండి. కొత్త మిర్చి జోరందుకునేది సంక్రాంతి దాటాకే. మొదటి మజిలీ విజయవాడ, అదీ మార్కెట్ కోసం కాదు, ఆటోనగర్ కోసం. ఒంగోలు నుంచి అక్కడిదాకా నడిచాక కొత్తగా చేయించిన చెక్కపని ఎక్కడ కిర్రుమంటోందో, ఏ బోల్టు వదులైందో, ఏ పైపు ఎక్కడ రాసుకుంటోందో బయటపడుతుంది. ఆ చప్పుళ్లన్నీ చీటీ మీద రాసుకుని ఆటోనగర్లో ఒక పూట ఆగి సరిచేయించుకోండి. అక్కడ దొరకని పార్టు మీ దారిలో మరోచోట దొరకడం కష్టం.

గోదావరి వైపు వెళ్ళాక రావులపాలెం అరటి మార్కెట్ జాతీయరహదారి మీదే ఉంది. తెల్లారేసరికి చూడాలి దాన్ని. సైకిళ్ల మీద, ఆటోల మీద గెలలు కట్టుకుని రైతులు వస్తుంటారు. కర్పూరాలు, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత, దేని వరస దానిదే. మీకు గెల వద్దు, ఒక్క అత్తం చాలు. రేపటికి పండేది ఒకటి, నాలుగు రోజులకి పండేది ఒకటి అడిగి తీసుకోండి, కూరకి బొంతకాయలు నాలుగు. గెల మొత్తం చవగ్గా వస్తోందని ఎక్కించారంటే మూడోరోజుకి బండంతా చిన్న దోమలే. అక్కణ్ణుంచి కడియపులంక పూల మార్కెట్. అక్కడ చామంతులు, బంతులు గంపల్లోనే రాశులుగా ఉంటాయి. పక్కన కడియం నర్సరీల్లో మొక్కలు చూసి మనసు పారేసుకోకండి, తిరిగి వచ్చేటప్పుడు కొనుక్కోండి. కుండీ మట్టి కూడా బరువే.

అనకాపల్లిలో తప్పకుండా ఆగండి. బెల్లం మార్కెట్టుకి దేశంలోనే పేరుంది. దిమ్మలు వరసలుగా పేర్చి ఉంటాయి, సంక్రాంతి దగ్గరపడేకొద్దీ సందడి పెరుగుతుంది. పసుపుగా, బంగారంలా మెరిసే దిమ్మని చూసి మోసపోకండి, ఆ రంగు కోసం హైడ్రోసు అనే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమరంగులో, కాస్త మెత్తగా ఉన్నది అడిగి రెండు కిలోలు కొనుక్కుంటే నెలంతా వస్తుంది. అనకాపల్లిలో ఆగమనడానికి అసలు కారణం మాత్రం వేరే ఉంది. కొండెక్కేముందు బ్రేకులు విప్పి చూపించుకోవలసిన చోటు అది. పాడేరులో మెకానిక్కులుంటారు, కానీ మీ మోడలు బ్రేకు పార్టు కావాలంటే కిందనుంచే రావాలి. బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే అక్కడే మార్పించేయండి. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, దిగుడులో బ్రేకులు కాలినప్పుడు ఆ తేమ ఆవిరవుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ కిందదాకా వెళ్ళిపోతుంది, బండి ఆగదు. పాత బండి కొన్నవాళ్లలో ఎంతమంది దీన్ని పట్టించుకుంటారు? మీరు పట్టించుకోండి.

పాడేరు సంత శుక్రవారం. అరకు సంతా శుక్రవారమే, రెండూ ఒకే వారం చూడటం కుదరదు. పాడేరు ఎంచుకోండి. ఎందుకంటే శనివారం హుకుంపేట సంత ఉంది, హుకుంపేట పాడేరు నుంచి అరకు వెళ్ళే దారిలోనే. గురువారం ఉదయం అనకాపల్లిలో బయలుదేరి చోడవరం, మాడుగుల మీదుగా ఎక్కితే మధ్యాహ్నానికల్లా పాడేరు చేరతారు. మాడుగులలో హల్వా కోసం ఆగితే మీవారు కూడా కాదనరు. శుక్రవారం పాడేరు సంత, శనివారం హుకుంపేట సంత, అదే రోజు సాయంత్రం అరకు. ఆదివారం అరకులో జనం ఎక్కువ, బండి కదపకుండా విశ్రాంతి తీసుకోండి. ఆ రోజుల్లో వలిసెపూల చేలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటే మీ అదృష్టం.

సంతకి బండి తీసుకెళ్లకండి. అంత పొడుగు బండి సంత రోజున ఊళ్లో తిప్పితే అందరికీ ఇబ్బందే. ముందురోజే ఊరి చివర అనువైన చోట నిలిపి, పొద్దున్నే సంచీ పట్టుకుని నడిచి వెళ్ళండి. పది, ఇరవై రూపాయల నోట్లు కట్టగా ఉంచుకోండి. ఫోనుతో డబ్బులు పంపడం అక్కడా వచ్చింది కానీ సిగ్నలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, అమ్మే పెద్దామెకి ఫోనే ఉండకపోవచ్చు.

కొండ సంతలో చాలా సరుకు కిలోల్లెక్కన ఉండదు. నేలమీద గుడ్డ పరిచి పోగులు పెడతారు, పోగు ఇంత అని. గింజలకి అడ్డ, సోల, తవ్వ వాడతారు. చోళ్లు, సామలు, పిప్పళ్లు, అల్లం, పసుపు, అడ్డాకులు, కొండ చిక్కుళ్లు ఉంటాయి, డిసెంబరులో రాజ్మా కొత్తది రావడం మొదలవుతుంది. రాజ్మా రెండు సోలలు కొని రాత్రి నానబెట్టండి, ఎన్నాళ్లో గోదాములో ఉన్న గింజలా కాదు, ఇట్టే ఉడుకుతుంది, గ్యాసూ ఆదా.

అక్కడ కూర్చుని అమ్మే ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి కొండ దిగి, నెత్తిన గంపతో మైళ్లు నడిచి వస్తారు. చీకటిపడేలోగా మళ్లీ ఎక్కాలి. సాయంత్రం నాలుగయ్యేసరికి మిగిలింది మోసుకుపోలేక వచ్చినకాడికి ఇచ్చేస్తారు. ఆ గంట కోసం కాచుకుని కొనేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. మీరు పొద్దున్నే వెళ్ళి, చెప్పిన ధర ఇచ్చి కొనండి. తూకాల్లో, ధరల్లో వ్యాపారులు గిరిజనుల్ని మోసం చేయకుండా చూడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. తేనె, కాఫీ పొడి వంటివి నమ్మకంగా కావాలంటే ఆ జీసీసీ దుకాణంలో తీసుకోండి. ఫొటో తీయాలనిపిస్తే ముందు అడగండి, తల అడ్డంగా ఊపితే ఫోను లోపల పెట్టేయండి.

కొన్నవాటిని వండే వరస కూడా చెబుతాను, బండిలో అది ముఖ్యం. ఆకుకూరలు, గోంగూర, కొత్తిమీర ఆ పూటకే. బెండ, చిక్కుడు, వంకాయ మర్నాటిలోగా. దొండ, బీర, కాకర ఆ తరవాత. కంద, చేమ, గుమ్మడి, అరటికాయ సంతకీ సంతకీ మధ్య ఉన్న రోజులకి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వల సంచుల్లో వేలాడదీయండి, మూసిన డబ్బాలో పెడితే చెమ్మకి కుళ్లుతాయి. ఎండుచేపలు కొనే అలవాటుంటే మూత బిగిసే రేకు డబ్బా బండి వెనక బయట కట్టుకోండి. బియ్యం ఐదు కిలోలు, రెండు పప్పులు, నూనె, ఉప్పు, పోపుల పెట్టె. ఇంటినుంచి తీసుకెళ్లే సరుకులు ఇంతే ఉండాలి.

బండ్ల గురించి పత్రికల్లో రాసేవాళ్లకున్నంత సాంకేతిక జ్ఞానం మీకు అక్కర్లేదు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం రెండు నిమిషాలు చాలు. రాత్రి బండి నిలపగానే ఇంజను కింద పాత అట్టముక్క ఒకటి పరిచి పడుకోండి. పొద్దున్నే దాన్ని లాగి చూడండి. నల్లటి చుక్కలుంటే ఇంజనాయిల్, ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంటు. చక్రం లోపలివైపు జిడ్డుగా తడి కనిపిస్తే బ్రేకు ఆయిల్ అయ్యుండొచ్చు, ఆ రోజు మెకానిక్కుకి చూపించకుండా బండి కదపకండి. తరవాత ఇంజను చల్లగా ఉండగానే ఆయిల్ కడ్డీ తీసి తుడిచి ముంచి చూడటం, కూలెంటు డబ్బాలో గీత చూడటం. కూలెంటు తగ్గితే కూలెంటే పోయండి, బోరు నీళ్లు పోస్తే అందులో లవణాలు రేడియేటరు గొట్టాల్లో పేరుకుంటాయి. వేడి మీద రేడియేటరు మూత తిప్పకండి, మొహం కాలుతుంది.

టైర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ బండి ఆరు నెలలు కదలకుండా నిలబడింది. టైరు గోడ మీద ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైర్లకి అరుగుదల లేకపోయినా, పక్కగోడల మీద సన్నని బీటలున్నా మార్చేయండి. అది ఖర్చే, ఒప్పుకుంటాను, కానీ బండిలో మీరు పెట్టే డబ్బుల్లో మొదట పెట్టాల్సింది అక్కడే. స్టెప్నీ నంబరు కూడా చూడండి, పాత బండ్లలో అదే అన్నిటికంటే ముసలిది. గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. చిన్న గేజి ఒకటి కొనుక్కోండి. వెనక జంట చక్రాలుంటే వాటి మధ్య రాయి ఇరుక్కుందేమో టార్చి వేసి చూడండి, అలాగే నడిపితే రెండు టైర్లూ పోతాయి. చక్రం ఎప్పుడు విప్పి బిగించినా ఓ యాభై, వంద కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ బిగించాలి.

సాయంత్రం చేయాల్సింది ఇది. మామూలు రోడ్డు మీద నడిచి ఆగాక ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి, తాకకుండా వేడి పోల్చండి. మూడు ఒకలా ఉండి నాలుగోది సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసుకుని ఉండాలి, లేదా బేరింగు పోతూ ఉండాలి. రేపటికి రోడ్డు పక్కన ఆపేయబోయే జబ్బు ఈ రాత్రే తెలిసిపోతుంది.

డీజిల్ రద్దీగా ఉండే బంకులోనే పోయించండి. ఆరు నెలలు నిలబడ్డ ట్యాంకులో నీరు చేరి ఉంటుంది, బయలుదేరేముందే డీజిల్ ఫిల్టరు మార్పించి, అడుగునుంచి నీరు వదిలించండి. కొత్త మోడలై డీఈఎఫ్ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) ట్యాంకు కూడా ఉంటే కొండెక్కేముందు దాన్ని నింపండి, అందులో నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకండి. వెంట ఉంచుకోవాల్సినవి మీ మోడలు ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టరు, రేడియేటరు పై గొట్టం, క్లిప్పులు, ఫ్యూజులు, హెడ్‌లైటు బల్బు, లీటరు ఆయిల్, లీటరు కూలెంటు, మంచి జాకీ, దాని కింద పెట్టడానికి చెక్కదిమ్మ, చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు రెండు, లాగే తాడు, అగ్నిమాపక సిలిండరు. మార్చడం మీకు రాకపోయినా ఫరవాలేదు, పార్టు చేతిలో ఉంటే చిన్న ఊరి మెకానిక్కు కూడా గంటలో బిగించేస్తాడు. పాత పార్టు అడిగి తీసుకోండి, తేదీ, కిలోమీటర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకం రాసే పని మీరు తీసుకోండి టీచరుగారూ, హాజరుపట్టీలు ఉంచిన చెయ్యి కదా.

ఘాట్‌లో మీవారికి కొత్తగా ఉండేది దిగడమే. అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకి దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు పడుతుందో అదే గేరులో దిగాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి వదిలేయడం, మళ్లీ అవసరమైతే నొక్కడం. న్యూట్రల్లో పెట్టి డీజిల్ ఆదా అనుకోవడం ప్రాణాంతకం. ఎక్కే బండికి దారివ్వాలి, అది నియమం కూడా. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి అరగంట కూర్చోండి, చక్రాల మీద నీళ్లు పోయకండి, ఇనుము చిట్లుతుంది. గాలికొండ దగ్గర ఆగి కాఫీ తాగే వంకతో బ్రేకులకీ విశ్రాంతివ్వండి. మధ్యాహ్నం మూడులోపు కిందికి దిగిపోయేలా చూసుకోండి, మంచు పట్టాక మలుపులు కనిపించవు. బంగాళాఖాతంలో అల్పపీడనం, వాయుగుండం అని వార్త వస్తే ఎక్కనే ఎక్కొద్దు, ఎక్కి ఉంటే ఉన్నచోటే ఉండండి. నవంబరు, డిసెంబరుల్లో మన తీరానికి అది మామూలే, కొండచరియలు జారేది అప్పుడే.

రాత్రి బసకి జాతీయరహదారి మీద లారీలు ఆగే పెద్ద బంకులు మంచివి. డీజిల్ అక్కడే పోయించుకుని, మేనేజరుని అడిగి, దీపం వెలుగులో నిలపండి. అన్నవరంలో కొండ కింద వాహనాలు నిలిపే చోట యాత్రికులుంటారు, భయముండదు. ఏజెన్సీలో మాత్రం అడవి రోడ్డు పక్కన నిలపకండి. అరకు, అనంతగిరిల్లో పర్యాటక సంస్థ హరిత రిసార్టుల్లో అడిగి లోపల నిలుపుకోండి, ఒక్కోరాత్రి గది తీసుకున్నా మంచిదే, వేడినీళ్ల స్నానం, బట్టల ఉతుకు అయిపోతాయి. టాయిలెట్టు డబ్బా అక్కడి మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయండి. వాగుల్లో, గెడ్డల్లో పారబోయడం మహాపాపం, కింద ఊరివాళ్లు తాగేది ఆ నీళ్లే.

కొండ దిగేటప్పుడు చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం బండి వెతుకుతారు. మంచం కింద అరలతో సహా విప్పి చూపించండి, చిరాకు పడొద్దని మీవారికి ముందే చెప్పండి. దారిలో ఎవరైనా "ఈ మూట కింద ఊళ్లో ఇచ్చేయండమ్మా" అంటే ఎంత పెద్దవాళ్లయినా తీసుకోకండి.

కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి, దానికి రోజులు పడతాయి. బండి లోపల మార్చినట్టు రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు ఉందా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అది ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చెల్లించనంటుంది. బీమా పాలసీలో కూడా ఈ మార్పు రాయించండి. మీవారి లైసెన్సు గడువు చూడండి, 55 దాటాక ఐదేళ్లకోసారి రెన్యూవల్ కదా, చాలామంది మరిచిపోతారు. ఆర్‌సీలో మీ బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపే ఉంటుంది, ఆయన కారు లైసెన్సే సరిపోవాలి, అయినా ఆర్‌టీవో ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఆర్‌సీ, లైసెన్సు రెండూ పక్కపక్కన పెట్టి అడిగేయండి. వేబ్రిడ్జి చీటీ కూడా ఆ ఫైల్లోనే ఉంచండి. అది చూశాక అల్లుడుగారితో వాదన ఉండదు.